రేడియేటరు నీటిలో ఆయిలు: కారణము కనుగొనుట యెట్లు?

నేటి రైతునకు కారు గాని, సరకు మోయు చిన్న బండి గాని, ట్రాక్టరు గాని వెనుకటి ఎడ్లబండి వలెనే నిత్యము అవసరమైన సాధనము. నల్లగొండ వైపు నుండి బత్తాయి కాయలతో వచ్చు బండ్లు విజయవాడ రోడ్డు మీదుగాను, ఇబ్రహీంపట్నం, యాచారం వైపు నుండి కూరగాయలతో వచ్చు బండ్లు నాగార్జునసాగర్ రోడ్డు మీదుగాను ఎల్.బి. నగర్ చేరును.  గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు బాటసింగారమునకు తరలిన తరువాత పండ్ల బండ్లలో పెక్కు నగరము లోనికి రానవసరము తప్పినది. అయినను విత్తనములకు, సామానునకు, పిల్లల చదువులకు, ఆసుపత్రి పనులకు, బండి రిపేరునకు ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతములకు వచ్చు రైతులు అనేకులు.

ఎండాకాలములో బరువుతో వచ్చిన బండి ఈ రద్దీలో అడుగులో అడుగు వేయునప్పుడు ఇంజను వేడెక్కుట కద్దు. చల్లారిన పిమ్మట రేడియేటరు మూత తీసి చూడగా నీటిపై నూనె తెట్టె గాని, పాలు కలిపిన కాఫీ వంటి చిక్కని మడ్డి గాని కనిపించును. వెంటనే "హెడ్డు పోయినది, దింపవలెను" అను మాట వినవచ్చును. ఆ మాట నిజము కావచ్చును, కాకపోవచ్చును. హెడ్డు దింపుట ఎక్కువ ఖర్చుతోను, ఎక్కువ దినములతోను కూడిన పని. అదే మడ్డి ఆయిలు కూలరు సీలు చెడినందున వచ్చినదైనచో, దానిని బాగుచేయుటకగు ఖర్చు సాధారణముగా అందులో చిన్న భాగము మాత్రమే. కాయ కోతకు వచ్చిన దినములలో బండి షెడ్డులో నిలిచిపోయినచో నష్టము రెండింతలగును. కావున ఆయిలు ఎచ్చట నుండి వచ్చుచున్నదో తేల్చుకొనిన పిమ్మటనే ఇంజను విప్పించవలెను. తేల్చుకొను పద్ధతిని ఈ క్రింద వివరించుచున్నాము.

రెండు దారులు, నడుమ గోడ

ఇంజనులో నీరు తిరుగు దారి వేరు, ఆయిలు తిరుగు దారి వేరు. వాటరు పంపు త్రోయగా నీరు సిలిండర్ల చుట్టును, హెడ్డు లోపలను తిరిగి, అచటి వేడిని రేడియేటరునకు తెచ్చి గాలికి విడుచును. ఆయిలు అడుగునగల చాంబరు నుండి పంపు ద్వారా పైకెక్కి బేరింగులను తడిపి మరల చాంబరులో పడును. పొలములో మంచినీటి కాలువ, మురుగు కాలువ ఒకే గట్టునకు ఇరువైపుల పారినట్లు, ఈ రెండు దారులు కొన్ని చోట్ల పలుచని గోడ అడ్డుగా ప్రక్కప్రక్కనే సాగును. గండి పడుట ఆ చోట్లనే జరుగును. అట్టి చోట్లు ముఖ్యముగా నాలుగు.

1. ఆయిలు కూలరు. చాల డీజిలు బండ్లలోను, కొన్ని పెట్రోలు బండ్లలోను ఇంజను ఆయిలును చల్లబరచుటకు ఇది అమర్చబడును. ఒక పొరలో ఆయిలు, దానిని ఆనుకొనిన పొరలో నీరు పారును. లోపలి రేకు చిల్లిపడినను, రబ్బరు సీలు గట్టిపడి పగిలినను రెండును కలియును.

2. హెడ్ గాస్కెట్టు. బ్లాకునకు, హెడ్డునకు నడుమ ఉండు ఈ పలుచని రేకు నీటి రంధ్రములను, ఆయిలు రంధ్రములను, మంట మండు సిలిండరును వేరుపరచి ఉంచును. ఇంజను మితిమీరి వేడెక్కినప్పుడు హెడ్డు వంగి గాస్కెట్టు దెబ్బతినును.

3. పగిలిన హెడ్డు లేక బ్లాకు. ఇది తక్కువగా జరుగును. నీరు లేకుండ నడిపిన బండ్లలోను, మరుగుచున్న ఇంజనుపై చన్నీరు కుమ్మరించిన బండ్లలోను దీనిని అనుమానించవలెను.

4. ఆటోమేటిక్ గేర్‌బాక్సు కూలరు. కొన్ని ఆటోమేటిక్ కార్లలో గేర్‌బాక్సు ఆయిలు రేడియేటరు లోపల అమర్చిన గొట్టము గుండ గాని, నీటితో చల్లబడు వేరొక కూలరు గుండ గాని పోవును. ఆ గొట్టము చిల్లిపడినచో గేరు ఆయిలు నీటిలోనికి, నీరు గేర్‌బాక్సులోనికి పోవును. చేతితో గేరు మార్చు సాధారణ కార్లలో ఇట్టి గొట్టము ఉండదు. చిన్న కార్లలో ఏ.ఎం.టి. అను పేరుతో వచ్చు గేర్‌బాక్సు కూడ లోపల సాధారణ గేర్‌బాక్సే కనుక దానికిని సామాన్యముగా ఈ భయము లేదు.

ట్రాక్టరు గల రైతులు మరియొక చోటును గుర్తుంచుకొనవలెను. చాల ట్రాక్టరు ఇంజనులలో సిలిండరు లైనరు వెలుపలి భాగము నేరుగా నీటిలో ఉండును. లైనరు అడుగునగల రబ్బరు రింగులు చెడినను, లైనరునకు సూదిబెజ్జములు పడినను నీరు చాంబరులోనికి దిగును. ఇచట నీటిలో ఆయిలు కంటె ఆయిలులో నీరే ముందుగా కనిపించును.

ఒత్తిడి చెప్పు సాక్ష్యము

ఇంజను నడుచునప్పుడు ఆయిలు ఒత్తిడి సాధారణముగా చదరపు సెంటీమీటరునకు 2 నుండి 4 కిలోల వరకు ఉండును. వేడెక్కిన నీటి ఒత్తిడి సుమారు 1 కిలో మాత్రమే. ఎక్కువ ఒత్తిడి గల వైపు నుండి తక్కువ ఒత్తిడి గల వైపునకు ప్రవహించుట సహజము. అందుచేత కూలరులో చిల్లి పడినచో, ఇంజను నడుచునంతసేపు ఆయిలే నీటిలోనికి పోవును. రేడియేటరులో మడ్డి నిండినను గేజి పుల్లపై ఆయిలు శుభ్రముగా ఉండవచ్చును.

ఇంజను ఆపినంతనే ఆయిలు ఒత్తిడి పడిపోవును. నీరు వేడిగా ఉన్నందున దాని ఒత్తిడి మరికొంతసేపు నిలుచును. అప్పుడు అదే చిల్లి గుండ నీరు ఆయిలులోనికి వెనుకకు రావచ్చును. కనుక రాత్రి నిలిపిన బండిని ఉదయము స్టార్టు చేయక ముందే పరీక్షించుట మేలు. ఒకసారి నడిపినచో సాక్ష్యము కలగాపులగమగును.

ఇంటివద్దనే చేయదగిన పరీక్షలు

మొదటిది, చూపు. వేడి ఇంజనుపై మూత ఎన్నడును తీయరాదు. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందున బయట గిన్నెలోని నీరు 98 డిగ్రీల దగ్గరనే మరుగును. రేడియేటరులో మూత బిగువు వలన నీరు 110 డిగ్రీలు దాటినను మరుగక నిలువగలదు. మూత తీసిన మరుక్షణమే అది ఆవిరియై ముఖముపైకి ఎగజిమ్మును. పూర్తిగా చల్లారిన తరువాతనే, చేతికి గుడ్డ చుట్టుకొని మూత తీయవలెను. మూత అడుగును, ప్రక్కనగల ప్లాస్టిక్ సీసా లోపలి అంచును చూడవలెను. నూనె తెట్టె మొదట అంటుకొనునది అచటనే.

రెండవది, సీసా పరీక్ష. రేడియేటరు నీటిని కొంచెము గాజు సీసాలో తీసి, కదల్చక కొన్ని గంటలు ఉంచవలెను. తుప్పు అయినచో అడుగున ఎర్రని మట్టివలె పేరుకొనును. ఆయిలు అయినచో చిలికిన మజ్జిగపై వెన్నవలె పైకి తేలును. బాగుగా కలిసిపోయిన మడ్డి విడివడక అట్లే ఉండవచ్చును. దానిని రెండు వ్రేళ్ల నడుమ రుద్ది నీటితో కడుగవలెను. జిడ్డు వదలనిచో ఆయిలు ఉన్నదని అర్థము. ఈ నీటిని నాలుకపై వేసి రుచి చూడరాదు. కూలెంటు విషము.

మూడవది, రంగు. నలుపు లేక గోధుమరంగు జిడ్డు ఇంజను ఆయిలును సూచించును. ఆటోమేటిక్ గేరు ఆయిలు తరచుగా ఎర్రగా ఉండును కనుక ఆ మడ్డి గులాబిరంగు పాలవలె కనిపించును. అట్లు కనిపించినచో బండిని స్టార్టు చేయరాదు. గేర్‌బాక్సులోనికి పోయిన నీరు లోపలి క్లచ్చి పలకల పూతను పాడుచేయును. ఇట్టి బండిని లాగించుకొని పోవుటయే మేలు.

నాల్గవది, ఆయిలు గేజి. పుల్ల తీసి చూడగా ఆయిలు తెల్లని నురుగుగా ఉన్నచో అందులో నీరు చేరినది. అనుమానముగా ఉన్నచో బండికి దూరముగా ఒక ఇనుప రేకును వేడిచేసి, దించి, దానిపై ఒక్క చుక్క ఆయిలు వేయవలెను. పోపులో తడి ఆకు వేసినట్లు చిటపటలాడినచో నీరు ఉన్నట్లే. ముఖము దూరముగా ఉంచవలెను. ఆయిలు పోయు మూత క్రింద మాత్రమే కొంచెము పసుపురంగు నురుగు ఉండి, గేజిపై ఆయిలు శుభ్రముగా ఉన్నచో భయపడనక్కరలేదు. చలికాలములో దగ్గర దూరములకే తిరుగు బండ్లలో లోపలి చెమ్మ వలన ఇట్లు ఏర్పడును.

ఐదవది, బుడగలు. చల్లని ఇంజనులో నీరు మూతివరకు నింపి, మూత తీసియే స్టార్టు చేసి చూడవలెను. మొదట లోపల చిక్కుకొనిన గాలి కొంత వచ్చి ఆగిపోవును. బుడగలు ఆగక, ఎక్సిలేటరు త్రొక్కిన కొలది ఎక్కువగుచున్నచో సిలిండరులోని పొగ నీటిలోనికి వచ్చుచున్నదని గ్రహించవలెను. నీరు వేడెక్కక ముందే ఈ పరీక్ష ముగించి ఇంజను ఆపవలెను. మూత బిగించి చల్లని ఇంజను స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషములలోనే పై హోసు పైపు రాయివలె గట్టిపడుటయు ఇట్టి సూచనయే.

మోసగించు గుర్తులు

మడ్డి అంతయు ఆయిలు కాదు. ఒకదానితో ఒకటి పొసగని రెండు రకముల కూలెంట్లు కలిపి పోసినప్పుడు జిగట వంటి పదార్థము ఏర్పడవచ్చును. కారుట ఆపుటకు కొందరు రేడియేటరులో పోయు పొడులు, ద్రవములు కూడ గోధుమరంగు మడ్డిని మిగుల్చును. పొరపాటున ఆయిలును నీటి సీసాలో పోసిన సందర్భములును కలవు. కావున మొదట అడుగవలసిన ప్రశ్న ఇది: చివరిసారి ఇందులో ఎవరు, ఏమి పోసిరి? ఈ ప్రశ్నకు జవాబు దొరికినచో సగము పని తీరును.

మెకానిక్ వద్ద చేయించవలసిన పరీక్షలు

ఇంటి పరీక్షలు అనుమానమును కలిగించును. నిర్ధారణకు పనిముట్లు కావలెను. ఎల్.బి. నగర్ గాని, దిల్‌సుఖ్‌నగర్ గాని, మీ మండల కేంద్రము గాని, బండి ఇచ్చుటకు ముందే "ఏ పరీక్ష చేసి చెప్పుదురు?" అని మర్యాదగా అడుగుడు. మంచి పనివాడు ఈ ప్రశ్నకు కోపగించుకొనడు.

నీటి ఒత్తిడి పరీక్ష: ఇంజను ఆపి, చిన్న చేతిపంపును మూత స్థానములో బిగించి, మూతపై వ్రాసిన ఒత్తిడి వరకు గాలి కొట్టి పావుగంట చూతురు. బయట ఎచ్చటను కారకుండనే ముల్లు పడిపోయినచో లోపల కారుచున్నదని తెలియును.

పొగ పరీక్ష: రేడియేటరు మూతివద్ద గాలిని నీలిరంగు ద్రవము గుండ పీల్తురు. సిలిండరు పొగ ఉన్నచో ఆ ద్రవము ఆకుపచ్చగా గాని పసుపుగా గాని మారును. రేడియేటరు నీరే ద్రవములోనికి ఎక్కినచో పరీక్ష చెడును కనుక ముందుగా నీటిమట్టము కొంత తగ్గించవలెను.

కంప్రెషను పరీక్ష: ఒక్కొక్క సిలిండరు బిగువును కొలుతురు. ప్రక్కప్రక్కనగల రెండు సిలిండర్లు తక్కువ చూపినచో వాటి నడుమ గాస్కెట్టును అనుమానించవలెను.

కూలరు పరీక్ష: ఆయిలు కూలరును విప్పి, ఒక మార్గమును మూసి, రెండవ మార్గములో గాలి పట్టించి నీటి తొట్టెలో ముంచుదురు. సైకిలు ట్యూబు పంక్చరు చూచు పద్ధతియే ఇది. గోరువెచ్చని నీరు వాడుట మంచిది, కొన్ని బీటలు వేడికి గాని తెరచుకొనవు. సీలు చెడినదైనచో తొట్టెలో తెలియకపోవచ్చును కనుక విప్పిన సీలును చేతబట్టి కూడ చూడవలెను.

ఫలితములను కలిపి చూచుట

ఒక్క గుర్తును బట్టి తీర్పు చెప్పరాదు. నీటిలో ఆయిలు ఉండి, బుడగలు లేక, పొగ పరీక్షలో రంగు మారక, కంప్రెషను సమముగా ఉన్నచో మొదట ఆయిలు కూలరునే విప్పించవలెను. నీటిలో ఆయిలుతో పాటు బుడగలు, గట్టిపడిన హోసు, తెల్లని పొగ, మాటిమాటికి నీరు తగ్గుట ఉన్నచో హెడ్ గాస్కెట్టును లేక హెడ్డును అనుమానించుట న్యాయము. కూలరు బాగున్నదని తేలి, పొగ కూడ కనిపించనిచో, గాస్కెట్టు ఆయిలు రంధ్రమునకు నీటి రంధ్రమునకు నడుమ మాత్రమే తెగియుండవచ్చును. అప్పుడు హెడ్డు దింపక తప్పదు. దింపిన హెడ్డు వంపును సరళరేఖ బద్దతో కొలిపించి, బీటల కొరకు పరీక్షింపజేసిన తరువాతనే క్రొత్త గాస్కెట్టు వేయించవలెను. వంగిన హెడ్డుపై క్రొత్త గాస్కెట్టు నిలువదు.

బాగుచేసిన పిమ్మట

చిల్లి మూసినంత మాత్రమున పని ముగియలేదు. లోపలి జిడ్డు రేడియేటరు సన్నని గొట్టములను పూడ్చి మరల వేడెక్కించును. తక్కువ నురుగు వచ్చు క్షారపు ద్రవముతో గాని, ఇందుకై అమ్ము ద్రవముతో గాని కడిగి, మంచి నీటితో జిడ్డు పోవువరకు పలుమార్లు తీయవలెను. కిరసనాయిలు, పెట్రోలు, డీజిలు పోసి కడుగుట కూడదు. అవి రబ్బరును పాడుచేయును, నిప్పు భయము కూడ కలదు. ఆయిలు తగిలి ఉబ్బి మెత్తబడిన హోసు పైపులను, మూతను, థర్మోస్టాటును మార్చవలెను. ఆయిలులో నీరు చేరియున్నచో ఆయిలును, ఫిల్టరును కూడ మార్చవలెను.

తరువాత కొలది దినములు సన్నని పొర మరల తేలవచ్చును. అది లోపల మిగిలిన జిడ్డు కావచ్చును. సీసాపై నీటిమట్టమునకు గుర్తుపెట్టి రోజూ చూడవలెను. పొర రోజురోజుకు తగ్గుచు, నీటిమట్టము నిలిచియున్నచో రిపేరు ఫలించినట్లే. పొర పెరుగుచున్నచో మరల పరీక్షించవలెను.

క్రొత్తగా నింపునప్పుడు బోరు నీరు వాడరాదు. మన ప్రాంతపు బోరు నీటిలో ఉప్పులు ఎక్కువ. కాగు అడుగున తెల్లని పొర కట్టినట్లే ఇంజను లోపలను కట్టి వేడిని బయటకు పోనీయదు. ఆ వేడియే గాస్కెట్టునకు శత్రువు. డిస్టిల్డు వాటరు సగము, కంపెనీ చెప్పిన కూలెంటు సగము కలిపి గాని, కలిపియే అమ్ము కూలెంటును గాని పోయవలెను. దారిలో ప్రాణావసరముగా మామూలు నీరు పోసినచో, ఇల్లు చేరిన పిమ్మట దానిని తీసివేయవలెను.

పాత బండి కొనువారికి

పాత కారు కొనుటకు నగరమునకు వచ్చు రైతులు ఉదయము, ఇంజను చల్లగా ఉన్నప్పుడే బండిని చూడవలెను. ముందుగా స్టార్టు చేసి ఉంచవలదని అమ్మువారికి చెప్పవలెను. మూత అడుగు, సీసా అంచు, గేజి పుల్ల మూడును చూచిన తరువాతనే బేరమాడవలెను. పాత బండిలో సీసా మాత్రము సరిక్రొత్తదిగా కనిపించినచో అది ఎందుకు మార్చబడినదో అడుగవలెను.

తీసిన నీరు ఎచ్చట పోయవలెను?

ఇది మన సొంత లాభమునకు మించిన విషయము. కూలెంటులోని ఇథిలీను గ్లైకాలు తియ్యగా ఉండును. కుక్కలు, పశువులు రుచిమరిగి త్రాగును. కొంచెమే త్రాగినను మూత్రపిండములు చెడి చనిపోవచ్చును. పశువుల కొట్టము దగ్గర, చెరువు గట్టున, కాలువలో దీనిని పోయరాదు. ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్ నడుమ సరూర్‌నగర్ చెరువు కలదు. నాగోలు ప్రక్కగా మూసీ నది పారుచున్నది. మూసీ నీటితో దిగువన వరి, పశుగ్రాసము పండించు రైతులు అనేకులు. షెడ్డు ముందరి మురుగులో మనము పోసిన జిడ్డు నీరు మరియొక రైతు మడిలోనికే చేరును. కావున మూతగల డబ్బాలో పట్టి, పిల్లలకు అందని చోట ఉంచి, పాత ఆయిలు తీసుకొను అనుమతిగలవారికి అప్పగించవలెను.

రైతు సోదరులారా! ఆకుపై మచ్చ కనిపించినంతనే మందు కొట్టము. అది తెగులో, పురుగో, ఎరువు లోపమో చూచి గాని కొట్టము. బండి విషయములోను అదే వివేకము పాటించుడు. చల్లని ఇంజను, గాజు సీసా, గేజి పుల్ల, ఒక సూటి ప్రశ్న, ఈ నాలుగింటికి ఖర్చు ఏమియు లేదు. ఇవి ముగిసిన తరువాతనే పానాను పట్టనిండు.